తెరవని ఫైలుతో దాడి: లినక్స్ డెస్క్‌టాప్‌కు గండి ఎక్కడ పడుతుంది

లినక్స్ వాడేవారికి ఎవరైనా ఇచ్చే మొదటి భద్రతా సలహా ఒకటే: తెలియని ఫైలు తెరవొద్దు. సలహా మంచిదే. కానీ ఫైలు తెరిచేది మనిషే అన్న నమ్మకం మీద అది నిలబడింది. ఇప్పటి డెస్క్‌టాప్‌లో ఆ పని మనిషి కన్నా ముందు వేరేవాళ్లు చేసేస్తున్నారు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఫైలు పడగానే ఇండెక్సర్ దాన్ని చదివి, పాట పేరో పత్రం శీర్షికో తీసి, రేపు వెతికితే దొరకాలని దాచిపెడుతుంది. ఫోల్డర్ తెరిస్తే చాలు, ఫైల్ మేనేజర్ ఒక్కో ఫైలుకు చిన్న బొమ్మ (థంబ్‌నెయిల్) గీయడం మొదలుపెడుతుంది. ఈ పనులేవీ ఫైలు లోపలికి వెళ్లకుండా కుదరవు. వాడేవారికి ఆ ఫైలు చూడాలనే లేదు. కందకు లేని దురద కత్తిపీటకు వచ్చినట్టు, డెస్క్‌టాప్‌కే తొందర.

ఈ తొందర వల్లే గడిచిన పదేళ్లలో ఓపెన్ సోర్స్ డెస్క్‌టాప్‌లో గట్టి దెబ్బలు తగిలాయి. దెబ్బ తగిలిన చోటు ఆఫీస్ సూటో బ్రౌజరో కాదు, పేరు కూడా ఎవరికీ గుర్తుండని చిన్న లైబ్రరీలు (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ముక్కలు), సహాయక ప్రోగ్రాములు.

ఒక సంఖ్య, ఒక రుణ గుర్తు

దగ్గరగా చూడాల్సిన ఉదాహరణ లిబ్‌క్యూ అనే లైబ్రరీలోని లోపం. గిట్‌హబ్ సెక్యూరిటీ ల్యాబ్ పరిశోధకుడు కెవిన్ బ్యాక్‌హౌస్ 2023 అక్టోబరు 9న ఈ లోపాన్ని బయటపెట్టారు. భద్రతా లోపాల జాబితా సీవీఈలో దానికి నమోదైన సంఖ్య సీవీఈ-2023-43641.

ఆడియో సీడీ మొత్తాన్ని ఒకే పెద్ద ఫ్లాక్ ఫైలుగా తీసుకున్నప్పుడు, ఏ పాట ఎక్కడ మొదలవుతుందో రాసి పక్కన పెట్టే చిన్న టెక్స్ట్ ఫైలే క్యూ షీట్. పాత సినిమా పాటల సీడీలు కంప్యూటర్‌లో భద్రపరుచుకునేవారికి ఇది పరిచయమే. అందులో ప్రతి ట్రాక్ కింద 'ఇండెక్స్ 01 00:00:00' లాంటి వరుస ఉంటుంది. మొదటి సంఖ్య ఇండెక్స్ క్రమసంఖ్య. తర్వాతవి నిమిషాలు, సెకండ్లు, ఫ్రేములు. సెకనుకు 75 ఫ్రేములు. ఈ ఫైళ్లను చదివిపెట్టేదే లిబ్‌క్యూ, సీ భాషలో రాసిన చిన్న లైబ్రరీ.

ఇండెక్స్ విలువలను లిబ్‌క్యూ ఒక అరేలో, అంటే మెమొరీలో వరుస గడుల్లో, దాస్తుంది. దాచే ముందు తనిఖీ కూడా చేస్తుంది: క్రమసంఖ్య 99 కన్నా పెద్దదైతే 'ఇండెక్స్‌లు ఎక్కువయ్యాయి' అని తిప్పి పంపుతుంది. చూడ్డానికి సరిగ్గానే ఉంది. సున్నా కన్నా చిన్నదా అని మాత్రం అడగలేదు. ఫైల్లో రుణ గుర్తు రాయడానికి వీల్లేదు, అంకెలు మాత్రమే చదువుతాం కదా అన్నది దాని వెనకున్న లెక్క.

లెక్క తప్పింది వేరే చోట. అంకెల వరుసను సంఖ్యగా మార్చడానికి లిబ్‌క్యూ వాడింది సీ భాషలో పాతకాలం నుంచీ ఉన్న 'ఏటూఐ' ఫంక్షన్. సంఖ్య పట్టనంత పెద్దదైతే అది ఏం చేయాలో సీ ప్రమాణం చెప్పదు. 64 బిట్ లినక్స్‌లో జరిగేది ఇది: ముందు 64 బిట్‌ల సంఖ్యగా చదువుతుంది, తర్వాత పై సగం కోసేసి కింది 32 బిట్‌లు మాత్రమే ఇస్తుంది. కాబట్టి క్యూ షీట్‌లో ఇండెక్స్ క్రమసంఖ్యగా 4294567296 అని రాస్తే, అందులోంచి 2 ఘాతం 32, అంటే 4294967296 పోయి, చేతికి -400000 వస్తుంది. -400000 ఎలా చూసినా 99 కన్నా పెద్దది కాదు. తనిఖీ దాటిపోతుంది. అరేలో ఒక్కో గడి 8 బైట్లు. అంటే అరే మొదలయ్యే చోటుకు 32 లక్షల బైట్ల వెనక, తనది కాని మెమొరీలో లైబ్రరీ రాసేస్తుంది. ఏం రాయాలో కూడా దాడి చేసేవాడే అదే వరుసలోని రెండో సంఖ్యగా ఇస్తాడు. ఎక్కడ రాయాలో, ఏం రాయాలో రెండూ ఫైలు చేతిలో ఉన్నాయంటే నేర్పున్నవాడికి మిగిలిన పని కష్టమే కానీ అసాధ్యం కాదు.

దీనికి ప్యాచ్ (కోడ్‌లో సవరణ) ఒక్క షరతు: క్రమసంఖ్య సున్నా కన్నా తక్కువైనా తిప్పి పంపాలి. అది 2.3.0 వెర్షన్‌లో వచ్చింది.

లిబ్‌క్యూ ఒంటరిగా ఉంటే ఇది ఎవరూ పట్టించుకోని బగ్. ఆడేషియస్ లాంటి మ్యూజిక్ ప్లేయర్‌లో పనిగట్టుకుని ఆ ఫైలు తెరిస్తేనే ప్రమాదం. కానీ గ్నోమ్ డెస్క్‌టాప్ అప్పటి ఇండెక్సర్ ట్రాకర్-మైనర్స్ కూడా దీన్నే వాడేది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ దాని పరిధిలో ముందునుంచే ఉంటుంది. వెబ్ పేజీలో ఒక లింకు నొక్కి, క్యూ ఫైలు దిగితే చాలు. దాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా కొద్ది క్షణాల్లో ఇండెక్సర్ చదువుతుంది, దాడి కోడ్ నడుస్తుంది. ఉబుంటు 23.04, ఫెడోరా 38 రెండింటి మీదా ఇది పనిచేస్తుందని బ్యాక్‌హౌస్ చూపించారు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఇండెక్సర్‌లో ఫైళ్లు చదివే భాగానికి గ్నోమ్‌వాళ్లు అప్పటికే సెక్‌కాంప్ కంచె కట్టారు. లోపల ఏం జరిగినా బయట హాని చేసే సిస్టమ్ కాల్స్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి చేయించుకునే పనులు, అందకుండా చేయడం దాని పని. అయినా దాడి బయటికొచ్చింది. కంచెలోనే కంత ఉందని తేలి, దానికి వేరుగా సీవీఈ-2023-5557 అని సంఖ్య ఇచ్చి సరిచేశారు. అందుకే 'శాండ్‌బాక్స్ (ఇలాంటి కంచె) ఉంది' అన్న మాట విన్నప్పుడు, అది ఏ ప్రాసెస్‌ను ఎంతవరకు కట్టేసింది అన్నది కూడా అడిగి తీరాలి.

మెమొరీ తప్పు లేకుండానే

ఇదంతా సీ భాష తెచ్చిన తంటా, మెమొరీ తప్పులు రానివ్వని రస్ట్ భాషలో తిరగరాస్తే పోతుంది అనేవారున్నారు. సగం నిజం. మిగతా సగం, గ్నోమ్ లాంటిదే మరో డెస్క్‌టాప్ అయిన కేడీఈ కథలో కనబడుతుంది.

2019 ఆగస్టులో డామినిక్ పెన్నర్ అనే పరిశోధకుడు ఒక లోపాన్ని కేడీఈకి ముందుగా చెప్పకుండానే బయటపెట్టారు. అది సీవీఈ-2019-14744. కేడీఈలో సెట్టింగుల ఫైళ్లను చదివే కేకాన్ఫిగ్ అనే భాగానికి ఒక సౌకర్యం ఉండేది: విలువ పక్కన ఒక ప్రత్యేక గుర్తు పెడితే, ఆ విలువలో రాసిన షెల్ కమాండ్‌ను నడిపి, వచ్చిన జవాబును విలువగా తీసుకుంటుంది. సంస్థల్లో వందల యంత్రాలను ఒకే తీరున అమర్చే అడ్మిన్‌ల కోసం పెట్టిన ఏర్పాటు. అయితే ఫోల్డర్‌కు ఏ ఐకాన్ వేయాలో చెప్పే 'డాట్ డైరెక్టరీ' ఫైళ్లను కూడా ఇదే భాగం చదువుతుంది. ఐకాన్ పేరు ఉండాల్సిన చోట కమాండ్ రాసిన ఫైలును జిప్‌లో పెట్టి పంపితే, విప్పిన ఫోల్డర్‌ను కేడీఈ ఫైల్ మేనేజర్ డాల్ఫిన్‌లో చూసినంత మాత్రాన కమాండ్ నడిచేది. పైగా పేరు చుక్కతో మొదలయ్యే ఫైలు కాబట్టి కంటికి కనిపించదు.

ఇందులో బఫర్ పొంగలేదు, పాయింటర్ తప్పలేదు. రాసినవారు ఎలా నడవాలనుకున్నారో కోడ్ అలాగే నడిచింది. కేడీఈ ఆ సౌకర్యాన్నే పీకేసి ఫ్రేమ్‌వర్క్స్ 5.61తో విడుదల చేసింది. ఎవరో కొందరికి ఎప్పుడో పనికొచ్చిన సౌకర్యం అందరి యంత్రాల్లోనూ తెరిచి ఉన్న తలుపైంది.

లిబ్రే ఆఫీస్‌లోనూ ఇదే జాతి లోపాలు వచ్చాయి. అలెక్స్ ఇన్‌ఫ్యూర్ కనిపెట్టిన సీవీఈ-2018-16858లో, పత్రంలో కనిపించని లింకు మీదుగా మౌస్ జరిగితే చాలు, లిబ్రే ఆఫీస్‌తో పాటు వచ్చే పైథాన్ ఫైళ్లలోని ఒక ఫంక్షన్ నడిచేది. మ్యాక్రో హెచ్చరిక రాదు. 6.0.7, 6.1.3 వెర్షన్లలో సరిచేశారు. ఆ మరుసటి ఏడాది పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే లిబ్రేలోగో భాగంలో సీవీఈ-2019-9848 బయటపడింది. 6.2.5లో ప్యాచ్ వేశారు. దాన్ని తప్పించుకునే దారులు దొరకడంతో 6.2.6లో మళ్లీ వేయాల్సి వచ్చింది. ఒక లోపం మూసిన వెంటనే అదే చోట ఇంకో అప్‌డేట్ వచ్చిందంటే సాధారణంగా అర్థం ఇదే: మొదటి మందు రోగానికి కాక లక్షణానికి వేశారు.

పేరే కోడ్ అయితే

2017 జూలైలో రెండు లోపాలు దాదాపు ఒకేసారి వెలుగు చూశాయి. రెండింటిలోనూ ఆయుధం ఫైలు పేరే.

మొదటిది గ్నోమ్‌లో విండోస్ ప్రోగ్రాముల ఐకాన్లు చూపించే చిన్న సహాయక ప్రోగ్రాము, గ్నోమ్-ఈఎక్స్ఈ-థంబ్‌నెయిలర్‌లో దొరికింది. ఎంఎస్ఐ (విండోస్ ఇన్‌స్టాలర్) ఫైలు వెర్షన్ తెలుసుకోవడానికి అది ఒక వీబీస్క్రిప్ట్ తయారు చేసి, విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ ద్వారా నడిపేది. స్క్రిప్ట్‌లో ఫైలు పేరును ఉన్నదున్నట్టు అతికించేది. పేరులో ఒక కొటేషన్ గుర్తు, బ్రాకెట్, ఆ వెనక నాలుగు వీబీస్క్రిప్ట్ ముక్కలు పెడితే, ఫోల్డర్ తెరవగానే అవి నడుస్తాయి. నిల్స్ డాగ్సన్ మోస్కాప్ దీన్ని 'బ్యాడ్ టేస్ట్' అన్నారు. సీవీఈ-2017-11421. 0.9.5 వెర్షన్‌లో పోయింది. లినక్స్ మీద విండోస్ స్క్రిప్టుతో దాడి జరగడం వినడానికి వింతగా ఉన్నా, వైన్ ఉన్న యంత్రాల్లో అది నిజం.

రెండోది పీడీఎఫ్ చదివే ఎవిన్స్‌లో. అది కామిక్ పుస్తకాలు కూడా చూపిస్తుంది. వాటిలో సీబీటీ అనేది బొమ్మలు పెట్టిన మామూలు టార్ ఫైలే, అంటే ఎన్నో ఫైళ్లను ఒకటిగా కట్టిన మూట. లోపలి బొమ్మను తీయడానికి ఎవిన్స్ ఆ బొమ్మ పేరును టార్ కమాండ్‌కు అందించేది. బొమ్మ పేరు రెండు గీతలతో మొదలైతే టార్ దాన్ని పేరు అనుకోదు, తనకిచ్చిన ఆదేశం అనుకుంటుంది. టార్‌లో 'చెక్‌పాయింట్ యాక్షన్' అనే ఆప్షన్ ఉంది, దానితో ఏ కమాండైనా నడపొచ్చు. గూగుల్‌కు చెందిన ఫెలిక్స్ విల్హెల్మ్ కనిపెట్టిన ఈ లోపం సీవీఈ-2017-1000083. ఇలాంటి కోడ్ రాసేవారు గుర్తుంచుకోవాల్సిన పద్ధతి చిన్నదే: బయటి ప్రోగ్రామును పిలవక తప్పకపోతే షెల్ ద్వారా పిలవకూడదు, ఆప్షన్లు ముగిశాయని చెప్పే రెండు గీతలు పెట్టిన తర్వాతే పేరు ఇవ్వాలి. కుదిరితే బయటి ప్రోగ్రామే మానేసి లైబ్రరీ వాడుకోవాలి.

అంతకు ముందు ఏడాది భద్రతా పరిశోధకుడు క్రిస్ ఎవాన్స్ చూపించింది అన్నిటికన్నా చిత్రమైనది. 2016 నవంబరులో ఆయన, ఉబుంటు 12.04లో మల్టీమీడియా లైబ్రరీ జీస్ట్రీమర్‌తో వచ్చే ఎన్ఎస్ఎఫ్ ప్లేయర్‌ను విరగ్గొట్టారు. ఎన్ఎస్ఎఫ్ అంటే పాత నింటెండో ఆటల సంగీతం. ఆ సంగీతం పలకాలంటే 6502 ప్రాసెసర్‌ను అనుకరించాలి. అనగా ఆ 'పాట' లోపల ఉండేది ఒక ప్రోగ్రాము, ప్లేయర్ దాన్ని నడుపుతుంది. ఎవాన్స్ 6502 ఆదేశాలతోనే అనుకరణ హద్దు దాటి అసలు యంత్రంలోకి వచ్చారు. డిసెంబరులో సూపర్ నింటెండో సంగీతపు ఫైలుతో ఫెడోరా 25 మీద అదే చేశారు. క్రోమ్‌లో ఒక పేజీ చూస్తే ఫైలు దానంతటదే దిగుతుంది, మిగతాది డెస్క్‌టాప్ చూసుకుంటుంది. పాతికేళ్ల నాటి ఆట పెట్టె పాటకు థంబ్‌నెయిల్ ఎవరికి కావాలి? ఎవరికీ అక్కర్లేదు. మల్టీమీడియా లైబ్రరీకి తెలిసిన ప్రతి ఫార్మాట్‌నూ ఎవరూ ఏరకుండా తలుపు తీసి పెట్టారు, అంతే. ఎక్స్‌టెన్షన్ చూసి జాగ్రత్తపడదామన్నా ఫలితం ఉండదు. ఈ లైబ్రరీలు పేరు చూడవు, లోపలి బైట్లు చూసి ఫార్మాట్ తేలుస్తాయి. ఎంపీ3 అని పేరు పెట్టినా ఎన్ఎస్ఎఫ్ ఎన్ఎస్ఎఫ్‌గానే నడుస్తుంది.

ఈ వరుస దెబ్బల తర్వాత గ్నోమ్ 3.26 నుంచి థంబ్‌నెయిల్ ప్రోగ్రాములను బబుల్‌ర్యాప్ అనే కంచె లోపల నడపడం మొదలైంది. నెట్‌వర్క్ ఉండదు, హోమ్ ఫోల్డర్ కనిపించదు. మంచి మార్పు. అయితే ఉబుంటు 18.04 వచ్చినప్పుడు, బబుల్‌ర్యాప్ ప్యాకేజీ తమ ప్రధాన విభాగంలో లేదన్న కారణంతో ఆ కంచెను తీసేసి విడుదల చేశారు, తర్వాత అప్‌డేట్‌లో చేర్చారు. మూల ప్రాజెక్టు ప్రకటించిన రక్షణ చేతిలో ఉన్న డిస్ట్రోలో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీలో) ఉందో లేదో వేరుగా చూసుకోవాల్సిందే.

'రూట్ పాస్‌వర్డ్ ఇవ్వలేదు కదా'

యంత్రం మొత్తం మీద అధికారం ఉండే రూట్ ఖాతా దొంగ చేతికి చిక్కలేదని లినక్స్ వాడేవారు తరచూ చెప్పుకునే ధైర్యం ఇది. ఒకే మనిషి వాడే ల్యాప్‌టాప్‌లో దానికి విలువ తక్కువ. బ్రౌజర్ కుకీలు, ఎస్ఎస్‌హెచ్ కీలు, ఫొటోలు, ఆధార్ స్కాన్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అన్నీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఇండెక్సర్ నడిచేది అదే వాడకందారు పేరు మీద. రూట్ లేకుండా దొంగ చేయలేనిది ప్రింటర్ డ్రైవర్ వేయడం లాంటివే. ఇక తెరనూ కీబోర్డునూ చూసుకునే పాత వ్యవస్థ ఎక్స్11 మీద నడిచే సెషన్ అయితే, ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాములో కొట్టే అక్షరాలు చూడగలదు. టెర్మినల్‌లో సుడోకు (రూట్ అధికారం ఇచ్చే కమాండ్‌కు) పాస్‌వర్డ్ కొట్టేదాకా ఓపిక పడితే రూట్ కూడా దొరుకుతుంది. ఎక్స్11 స్థానంలో వచ్చిన వేలాండ్ ఈ దారి మూస్తుంది.

ఓపిక లేనివాడికీ దారులున్నాయి. క్వాలిస్ సంస్థ 2022 జనవరి 25న ప్రకటించిన ప్వన్‌కిట్ (సీవీఈ-2021-4034) లోపం, కమాండ్లను రూట్ అధికారంతో నడిపే పీకేఎగ్జెక్ అనే ప్రోగ్రాములోది, దాదాపు ప్రతి డెస్క్‌టాప్ డిస్ట్రోలోనూ ఉండేది. ఆర్గ్యుమెంట్లేమీ లేకుండా పిలిస్తే అది అరే హద్దు దాటి చదివేది. ఆ లోపం 2009 మే నుంచీ కోడ్‌లోనే ఉంది. చూసే కళ్లు ఎక్కువైతే బగ్‌లు దాక్కోలేవన్న మాట ఓపెన్ సోర్స్ లోకంలో వేదవాక్కులా వినబడుతుంది. పన్నెండేళ్లు ఆ కోడ్‌ను చూసే వీలు అందరికీ ఉంది. చూసే పని ఎవరికీ అప్పగించలేదు. లిబ్‌క్యూ లాంటివి తీరిక వేళల్లో పనిచేసేవారి మీద ఆధారపడ్డ ప్రాజెక్టులు. ఎక్స్ఎంఎల్ ఫైళ్లు చదవడానికి సగం డెస్క్‌టాప్ ఆధారపడే లిబ్‌ఎక్స్ఎంఎల్2కే 2025లో దాని బాగోగులు చూసే మెయింటెయినర్, ఇకపై భద్రతా లోపాలకు గోప్యతా గడువులు (సరిచేసేదాకా బయటపెట్టకుండా ఉంచే గడువులు) పాటించనని, మామూలు బగ్‌ల లాగే చూస్తానని చెప్పేశారు. జీతం లేని పనికి గడువులు పెట్టే పెద్ద సంస్థలతో విసిగిన మాట అది. తప్పు పట్టడం కష్టం.

ప్యాచ్ ఏ దారిన వస్తుంది

2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలు చదివే లిబ్‌వెబ్‌పీలో లోపం (సీవీఈ-2023-4863) బయటపడినప్పుడు ఈ ప్రశ్న తేటగా ముందుకొచ్చింది. కుదించిన బొమ్మను విప్పడానికి హఫ్‌మన్ పట్టిక కట్టేటప్పుడు కేటాయించిన మెమొరీ దాటి రాసే తప్పు అది, అప్పటికే దాడుల్లో వాడుతున్నారు. సెప్టెంబరు 11న క్రోమ్ 116.0.5845.187 వచ్చింది, లైబ్రరీ 1.3.2లో సరైంది. డిస్ట్రో ప్యాకేజీలు వాడేవారికి ఒక్క లైబ్రరీ మారితే దాన్ని పంచుకునే బొమ్మల ప్రోగ్రాములన్నీ బాగుపడ్డాయి. బ్రౌజర్ ఇంజన్‌ను లోపల పెట్టే ఎలక్ట్రాన్‌తో కట్టిన చాట్ యాప్‌లు, ఎడిటర్లు మాత్రం ఒక్కోటీ సొంత కాపీ మోసుకొస్తాయి. ఒక్కోదాని అప్‌డేట్ కోసం విడిగా ఎదురుచూడాలి. యాప్ మొత్తం ఒకే ఫైలుగా వచ్చే యాప్‌ఇమేజ్‌ల సంగతి మరీ అన్యాయం. ఒకసారి దించుకుని వదిలేస్తే, అప్‌డేట్ ఏర్పాటు లేనివి అలాగే పడి ఉంటాయి.

లైబ్రరీ మార్చగానే పనైపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములు పాత కాపీనే మెమొరీలో పట్టుకుని ఉంటాయి. లాగౌట్ అయి లోపలికి వస్తే చాలావరకు కుదురుతుంది, అనుమానముంటే రీస్టార్ట్.

వెర్షన్ సంఖ్య చూసి బెంబేలెత్తాల్సిన పని లేదు, నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు. డెబియన్, ఉబుంటు స్థిర విడుదలల్లో కొత్త వెర్షన్ తేరు, పాతదానికే ప్యాచ్ అతుకుతారు. లిబ్‌క్యూ 2.2.1 అనే కనిపిస్తుంది, గీత తర్వాత వచ్చే ప్యాకేజీ సంఖ్య మాత్రమే మారుతుంది. కాబట్టి సరిపోల్చాల్సింది మూల ప్రాజెక్టు సంఖ్యతో కాదు. డెబియన్ సెక్యూరిటీ ట్రాకర్‌లోనో ఉబుంటు భద్రతా ప్రకటనల్లోనో సీవీఈ సంఖ్య వెతికి, తమ విడుదలకు ఎదురుగా ఇచ్చిన ప్యాకేజీ సంఖ్యతో పోల్చాలి.

ఉబుంటులో ఇంకో మెలిక: ప్యాకేజీలు మెయిన్ (ఉబుంటు సంస్థే చూసుకునేవి), యూనివర్స్ (సముదాయం చూసుకునేవి) అని విడిపోయి ఉంటాయి. లిబ్రే ఆఫీస్ మెయిన్‌లోది. వీఎల్‌సీ, గింప్ యూనివర్స్‌లోవి. ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) విడుదలల్లో యూనివర్స్‌కు భద్రతా ప్యాచ్‌లు తప్పక అందాలంటే ఉబుంటు ప్రో చందా కలుపుకోవాలి. సొంత వాడకానికి 5 యంత్రాల వరకు ఉచితం. కలుపుకోకుండా 'అప్‌డేట్లన్నీ అయ్యాయి' అన్న సందేశం చూసి సరిపెట్టుకునేవారు చాలామంది.

తలుపులు తగ్గించుకోవడం

ముందు బ్రౌజర్. ఫైర్‌ఫాక్స్ 98 నుంచి ఫైళ్లు అడగకుండానే డౌన్‌లోడ్స్‌లో పడుతున్నాయి, క్రోమ్‌ది మొదటినుంచీ అదే తీరు. రెండింటి సెట్టింగుల్లోనూ, ప్రతి ఫైలూ ఎక్కడ దాచాలో అడగమనే ఆప్షన్ ఉంది. అది పెట్టుకుంటే ఫైలు చెప్పాపెట్టకుండా లోపలికి రావడం ఆగుతుంది.

తర్వాత ఇండెక్సర్. గ్నోమ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ కింద వెతికే చోట్ల జాబితా ఉంటుంది. అందులోంచి డౌన్‌లోడ్స్ తీసేస్తే నష్టం స్వల్పం, లాభం ఎక్కువ. కేడీఈలో ఇదే పని సిస్టమ్ సెట్టింగ్స్‌లోని ఫైల్ సెర్చ్ దగ్గర చేయాలి, అక్కడి ఇండెక్సర్ పేరు బలూ. థంబ్‌నెయిల్స్‌ను గ్నోమ్ ఫైల్స్ ప్రిఫరెన్సెస్‌లో పూర్తిగా ఆపొచ్చు. డాల్ఫిన్ ఇంకా నయం, ఏ రకం ఫైళ్లకు బొమ్మ కావాలో ఒక్కొక్కటిగా టిక్ పెట్టుకోనిస్తుంది. జేపెగ్, పీఎన్‌జీ ఉంచి మిగతావి తీసేసినా రోజువారీ పనికి లోటుండదు.

డిస్ట్రోతో పని లేకుండా యాప్‌లను కంచెతో సహా ఇచ్చే ఫ్లాట్‌ప్యాక్‌గా వచ్చిన యాప్ అంటే కంచెలో ఉన్నట్టే అనుకోకూడదు. హోమ్ ఫోల్డర్ మొత్తం చదివి రాసే అనుమతితో వచ్చేవి ఎన్నో ఉన్నాయి. అప్పుడు కంచె పేరుకే. ఫ్లాట్‌సీల్ అనే చిన్న ప్రోగ్రాములో ఒక్కో యాప్ అనుమతులు చూసి కత్తిరించుకోవచ్చు. సరిపోకపోతే యాప్ మొండికేస్తుంది, అప్పుడు తిరిగి ఇవ్వొచ్చు.

తమ యంత్రంలో థంబ్‌నెయిల్ కోసం ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో తెలుసుకోవడం తేలిక. యూఎస్ఆర్ కింద షేర్, దాని కింద థంబ్‌నెయిలర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఒక్కో సహాయక ప్రోగ్రాముకు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. ఒక వరుసలో ఏ కమాండ్ నడపాలో, ఇంకో వరుసలో ఏయే రకాల ఫైళ్లకు నడపాలో రాసి ఉంటుంది. వీడియోల సహాయకుడి ఫైలు తెరిస్తే ఆ రకాల జాబితా ఒక పట్టాన ముగియదు. అందులో ఎన్నడూ చూడని ఫార్మాట్ పేర్లు ఎన్నో ఉంటాయి. ఆ ఫైలు ఏ ప్యాకేజీతో వచ్చిందో చూసి, అక్కర్లేకపోతే ప్యాకేజీనే తీసేయాలి. ఫైలును చేత్తో చెరిపితే తర్వాతి అప్‌డేట్‌తో మళ్లీ వచ్చి కూర్చుంటుంది.